రాటకు కట్టిన తాడు

నాలుగింటికి బండి వస్తుందన్నారు, ఇప్పుడు మూడు దాటి ఐదు నిమిషాలు, గోడ మీది గడియారంలో పెద్ద ముల్లు కదిలినప్పుడల్లా టక్కుమని చిన్న చప్పుడొకటి, అది ఈ ఆసుపత్రి వరండాలో ఇంకెవరికీ వినిపిస్తున్నట్టు లేదు, బామ్మర్దికి ఒక్కడికే వినిపిస్తోంది. బామ్మర్ది అనేది పేరు కాదు. ఇరవై ఏళ్లుగా బావ పిలిచి పిలిచి అదే పేరై కూర్చుంది. బావుల్లో పూడిక తీయించుకునే ఆసాములు కూడా, బామ్మర్దీ రేపు మా వైపు రండి అని కబురు పెట్టేవాళ్లు, ముసలమ్మలు సైతం నవ్వకుండా అలాగే పిలిచేవాళ్లు, అడిగినా అడక్కపోయినా అందరితోనూ వరస కలిసిపోయిన మనిషి తను. మొదట అలా పిలిచిన నోరు ఇప్పుడు అద్దం తలుపుకు అవతల ఉంది, అందులో గొట్టం ఉంది, గొట్టం కదలకుండా తెల్లటి పట్టీ అంటించారు. పక్కన బల్ల మీద అక్క. ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే చోటు నుంచి ఉన్నపళంగా వచ్చేసింది, మెడలో కొలతల టేపు తీయడం కూడా మర్చిపోయింది, ఫోను చెవికి ఆనించుకుని ఎవరికో చెబుతోంది. "రెండు నిమిషాలేనంట వదినా. మా తమ్ముడు వెంటనే లాగేశాడు కాబట్టి సరిపోయింది."

ఆ రెండు నిమిషాలు తన నోట్లోంచి వచ్చినవే. పొద్దున అంబులెన్సు దిగీ దిగగానే కుర్ర డాక్టరొకడు అట్టకు కాగితం బిగించుకుని పరుగున వచ్చి, పేరేంటి, వయసెంత, ఎంత లోతు, గాలాడకుండా ఎంతసేపున్నాడు అని ఒకదాని మీద ఒకటి అడిగాడు. పేరు చెప్పాడు, వయసు చెప్పాడు, నలభై అడుగులన్నాడు, నాలుగో ప్రశ్న దగ్గరికొచ్చేసరికి ఎవరో వెనక నుంచి అందించినట్టు, రెండు నిమిషాలు సార్, మహా అయితే మూడు, అనేశాడు. చెప్పాలని అనుకుని చెప్పింది కాదు. ఎంతసేపో అప్పటికి తనకూ తెలియదు. తెలియదంటే సరిపోయేది, కానీ తెలియదంటే, పైన తాడు పట్టుకున్నవాడివి నీకెలా తెలియదయ్యా అంటాడు. కుర్ర డాక్టరు కాగితం మీద రెండు అంకె వేసి దాని చుట్టూ సున్నా చుట్టాడు. గంట తిరక్కముందే అక్క వచ్చింది, అదే మాట అక్కకూ చెప్పాడు. అక్క పిన్నికి చెప్పింది, పిన్ని తన ఆడపడుచుకు చెప్పింది, ఫ్యాక్టరీలో అక్క పనిచేసే లైనంతా ఉన్న గ్రూపులోకి వెళ్లింది. ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు చేసి, రెండు నిమిషాలకు ఏమీ కాదమ్మా, మా వీధిలో ఒకాయన ఐదు నిమిషాలు నీళ్లలో ఉండి లేచాడు, ఇప్పటికీ గుండ్రాయిలా తిరుగుతున్నాడు, అని ధైర్యం చెబుతున్నారు. మధ్యాహ్నానికి ఆ రెండు నిమిషాలు ఎంతమంది చేతుల్లో ఉన్నాయో. వెనక్కి తీసుకోవాలంటే ఎన్ని గడపలు ఎక్కాలి.

మూడింటికి డాక్టరమ్మ బయటికి వచ్చి అక్క ఎదురుగా నిలబడింది. జుట్టు నెరిసిన మనిషి, గొంతు పెంచదు, కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని మాట్లాడుతుంది. మీరు చెప్పినదానికీ మాకు కనిపిస్తున్నదానికీ పొంతన కుదరడం లేదమ్మా అంది. రెండు మూడు నిమిషాలకు మెదడు ఇంతగా వాయదు, ఇంకేదో ఉంది, తలకు దెబ్బ తగిలిందేమో, లోపల నరం తెగిందేమో, ఇక్కడి మిషన్‌కు అంతు చిక్కడం లేదు, పెద్దాసుపత్రికి పంపిస్తాను, రెండు గంటల దారి, దారిలో ఏమైనా జరగొచ్చు, అది కూడా ముందే చెబుతున్నాను అంది. కదపకుండా ఇక్కడే ఉంచితే అని అక్క నసిగింది. "రెండు నిమిషాల మనిషిని ఊరికే పడుకోబెట్టి చూస్తూ ఉండలేం కదమ్మా. అక్కడ కారణం దొరికితే బాగుచేసేది ఏమైనా ఉంటుందేమో." అంతే, అక్క కాగితం లాక్కున్నట్టు తీసుకుని సంతకం పెట్టేసింది. అప్పుడు డాక్టరమ్మ కళ్లజోడు పెట్టుకుని ఇటు తిరిగింది. పైన ఉన్నది మీరేనా, సరిగ్గా గుర్తు తెచ్చుకోండి, బండి వచ్చేలోపు ఏదైనా గుర్తొస్తే నర్సుకు చెప్పండి, అని వెళ్లిపోయింది.

గుర్తు తెచ్చుకోవడానికి ఏముంది. అంతా జేబులో ఉంది. చెబితే బండి వెనక్కి తిరిగిపోతుంది, బావను ఆ దారి పట్టించరు, గతుకుల్లో ఒకడు చేత్తో గాలి సంచీ పిసుకుతూ ఊపిరి పోయడం ఉండదు, కానీ ఇంకేదో ఉంది అన్న మాట కూడా పోతుంది, వెతకడానికి ఏమీ మిగలదు, అక్క ముఖంలో ఆ సంతకం పెట్టినప్పుడు వచ్చిన కళ అక్కడికక్కడే ఆరిపోతుంది, ఆర్పింది తానే అవుతాడు. చెప్పకపోతే రెండు గంటల దారి. ఇంకొకటి కూడా లోపలి నుంచి తల ఎత్తింది, దాన్ని రాకుండా ఆపలేకపోయాడు, వచ్చాక పోనూ లేదు, దారిలో బావ పోతే ఎన్ని నిమిషాలో ఇక ఎవరూ అడగరు. ఇరవై ఏళ్లు తిండి పెట్టిన మనిషి గురించి తన తల ఇలా కూడా ఆలోచించగలదన్నమాట. గడియారం టక్కుమంది. అద్దం తలుపు తెరుచుకుని నర్సు ఒక పళ్లెంతో పోయింది, తలుపు మూసుకునేలోపు మిషన్ చప్పుడు వినిపించింది, ఒక ఎత్తు, ఒక దించు, తప్పు లేకుండా, బావ ఎప్పుడూ అంత క్రమంగా ఊపిరి తీయలేదు. బావ ఊపిరి తనకు తెలుసు. చూసి కాదు, విని కాదు, తాడు పట్టుకుని.

బావిలోకి దిగేవాడికి రెండు తాళ్లు. బొక్కెన తాడు గిలక మీదుగా పోతుంది, పూడిక మట్టి దాంతో పైకి వస్తుంది. రెండోది నడుం తాడు, దాని ఒక కొస దిగినవాడి నడుముకు, రెండో కొస పైనున్నవాడి అరచేతికి. ఒకసారి లాగితే బొక్కెన నిండింది, రెండుసార్లు లాగితే ఆగు, మూడుసార్లు లాగితే నన్ను పైకి తీయి. ఇంతే భాష. అమ్మానాన్నలు ఒకరి వెనక ఒకరు పోయాక అక్క తనను తీసుకొచ్చి పెట్టుకుంది, అప్పటికి పన్నెండేళ్లు, వచ్చిన నెలకు బావ పెరట్లో గోడ అవతల నిలబడి తాడు కొస ఇటు విసిరి కళ్లు మూసుకోమన్నాడు. ఇప్పుడేం చేస్తున్నాను. దగ్గుతున్నావు. ఇప్పుడు. కూర్చున్నావు. ఇప్పుడు. ఏమీ చెయ్యట్లేదు. తప్పు, చెవి గోక్కుంటున్నాను, మళ్లీ పట్టుకో. అలా ఎన్ని సాయంత్రాలో. అక్క వంటింట్లోంచి, మీ ఇద్దరికీ మతి పోయిందా అని కేకలేసేది. తర్వాత తర్వాత నలభై అడుగుల కింద బావ పార ఏ చేతి నుంచి ఏ చేతికి మార్చాడో తెలిసేది, వంగాడా నిలబడ్డాడా తెలిసేది, పొద్దున అక్కతో మాటామాటా వచ్చిందంటే తాడు ముభావంగా ఉండేది, అడగాల్సిన పని లేకుండా తెలిసిపోయేది. బావ మాటకారి కాదు. రోజంతటికీ పది మాటలుంటే ఎక్కువ. కానీ ఆ తాడు ఉన్నన్నాళ్లూ బావ మాట్లాడడని తనకెప్పుడూ తోచలేదు. "పైన నువ్వుంటే కింద నాకు నిద్ర కూడా పడుతుందిరా" అని ఒకసారి అన్నాడు, బీడీ వెలిగించుకుంటూ, ఎటో చూస్తూ.

ఫోను కొనిచ్చింది బావే. మూడేళ్ల కిందట, పనిలేని వానల్లో, ముందు అక్కకొకటి తెచ్చాడు, తర్వాత తనకు, చివరికి బావ కూడా ఒకటి కొనుక్కున్నాడు. నీకింక పెళ్లెందుకురా, చేత్తో పట్టుకునే కాపురం చేస్తున్నావుగా అని ఎగతాళి చేసేవాడు. ఎగతాళి చేసినవాడే రాత్రి అన్నం తిన్నాక గోడకు చేరగిలబడి ఎక్కడో సముద్రం కింద పనిచేసేవాళ్లను చూస్తూ కూర్చునేవాడు, అక్క కుట్టుపని చూసేది, తను ఏదంటే అది. అంతకుముందు ఆ వేళకు అక్క ఫ్యాక్టరీ సంగతులు చెప్పేది, సూపర్‌వైజరు నడక అనుకరించేది, బావ మీసం కింద నవ్వేవాడు. నిజం చెప్పాలంటే ఎవరూ ఎవరితోనూ తగువు పడలేదు, ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు, ఇల్లు నిశ్శబ్దంగా, హాయిగా కూడా ఉండేది. అక్క ఒక గ్రూపు పెట్టింది, పేరు 'ఇల్లు', అందులో ముగ్గురే మనుషులు, ముగ్గురూ ఒక కప్పు కిందే. తినడానికి రండి అని వంటింట్లోంచి అందులో పెట్టేది. బావ జవాబుగా ఒక బొటనవేలు బొమ్మ పెట్టేవాడు. మూడేళ్లలో ఆ గ్రూపులో బావ రాసిన మాట ఒక్కటి లేదు, అన్నీ బొటనవేళ్లే, ఇందాక అక్క పైకి జరుపుతూ చూస్తుంటే తనూ పక్క నుంచి చూశాడు, వరసగా వేళ్లు, ఒక్క గొంతు లేదు.

"ఎలా కొట్టుకుపోయాయో చూడు." ఉలిక్కిపడ్డాడు. అక్క ఫోను పక్కన పెట్టి తన రెండు చేతులూ తీసుకుని అరచేతులు తిప్పి చూస్తోంది. తోలు లేచిపోయి ఎర్రగా, మధ్యలో తాడు పీచు ఇంకా గుచ్చుకునే ఉంది, లాగేటప్పుడు తెలియలేదు, ఇప్పుడు కూడా అక్క ముట్టుకుంటేనే తెలుస్తోంది. అక్క ఊదింది. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే ఊదినట్టే ఊదింది, కొలతల టేపు కొస ఒళ్లో ఊగింది. ఒక నర్సును పిలిచి మా తమ్ముడికి మందు రాయమ్మా అని అడిగింది, ఆ పిల్ల దూదితో తుడుస్తూ ఉంటే పక్క బల్ల మీద కూర్చున్న ముసలాయనకు చెప్పింది, ఒక్కడే లాగాడండీ, నలుగురు కావాలి ఆ బరువుకి. తనొక్కడే లాగలేదు, ఆ మొక్కల నర్సరీ మనుషులు ముగ్గురు వచ్చి పట్టారు, చెప్పాలనుకున్నాడు, అది కూడా చెప్పలేదు. "నువ్వు లేకపోతే ఏమయ్యేదిరా" అంది అక్క, మామూలుగా, కూర్చున్న చోటు నుంచి, ఏడుపు కూడా లేకుండా. ముసలాయన తల పంకించి తనవైపు మర్యాదగా చూశాడు. ఆ చూపు మీద పడగానే చేతులు లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాడు, మందు రాసింది రాసినట్టే ప్యాంటుకు అంటుకుంది.

తాడు చేతిలోంచి ఎప్పుడు పోయింది. ఒక రోజు అని లేదు. ముందు ఎడమ చేతికి మార్చాడు, కుడి చేత్తో ఫోను. తర్వాత మోకాలి కింద పెట్టుకున్నాడు. తర్వాత పాదం కింద. బొక్కెన నిండితే బావ ఎలాగూ ఓయ్ అని ఒక కేక వేస్తాడు, బావి గొంతులోంచి ఆ కేక బోరున వస్తుంది, వినపడకపోవడమంటూ లేదు, కేక ఉండగా ఇక తాడెందుకు. ఒక చెవిలోనే తీగ పెట్టుకునేవాడు. ఒక చెవి బావకు, ఒక చెవి ఫోనుకు, అది తను తనతో చేసుకున్న ఒప్పందం, ఎంత న్యాయంగా ఉందో అనిపించేది. ఒక బొక్కెన నిండడానికి ఐదారు నిమిషాలు, మధ్యాహ్నం దాకా ముప్పై నలభై బొక్కెనలు, ఆ ఐదారు నిమిషాల్లో ఏం చేయాలి, ఇన్నాళ్లూ ఏం చేశాడు, ఖాళీగా ఎలా కూర్చున్నాడో గుర్తు కూడా రావట్లేదు. రెండు నెలల కిందట, ఒక పాత ఇంటి వెనక బావిలో, బావ నిచ్చెన పట్టుకుని ముందే పైకొచ్చేశాడు, చూస్తే నడుం తాడు కొస గిలక రాటకు కట్టి ఉంది. తను కళ్లెత్తేసరికి బావ ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఒళ్లంతా బురద. తిడతాడనుకున్నాడు. వంగి రాట ముడి విప్పి, తాడు తెచ్చి తన అరచేతిలో పెట్టి, ఒక్కొక్క వేలే దాని మీదికి మడిచాడు, చిన్నపిల్లాడికి మడిచినట్టు, ఐదు వేళ్లూ అయ్యాక మళ్లీ దిగిపోయాడు. వారం రోజులు తాడు వదల్లేదు. ఎనిమిదో రోజు ఫోను తీశాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే, చెంప మీద ఒకటి ఇచ్చి ఉంటే అనుకుంటాడు, కానీ అదీ ఒట్టిదే, తిట్టి ఉంటే పదిహేను రోజులు ఆగేవాడేమో, అంతే.

ఈ పొద్దున నర్సరీలో. మొక్కల మడులకు నీళ్లు పెట్టే బావి, రెండేళ్లుగా పూడిక తీయలేదు. పంపుతో నీళ్లు తోడేశారు, లాంతరు వెలిగించి అడుగు దాకా దించి చూశారు, దీపం ఆరలేదు, గాలి బాగానే ఉంది. బావ నడుముకు తాడు బిగించుకుంటూ, "చేతిలోనేగా" అన్నాడు. ఆ అడగడం కొత్త. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. చేతిలోనే బావా అన్నాడు, అప్పుడు నిజంగా చేతిలోనే ఉంది. పన్నెండు బొక్కెనలు వచ్చాయి, పైమట్టి, ఆకుల కుళ్లు, ఒక పగిలిన కుండీ. పన్నెండోది కుమ్మరించి బొక్కెన దించాడు. తాడును రాటకు రెండు చుట్లు చుట్టి ముడేశాడు, ఒక్క బొక్కెనకే కదా అనుకున్నాడు, నీడలోకి జరిగి కూర్చున్నాడు. అడుగున నల్లమట్టి కదిలితే దాని కింద అణిగి ఉన్న పాడు గాలి లేస్తుంది, అది లాంతరుకు ముందుగా తెలియదు, దిగినవాడి ముక్కుకే తెలుస్తుంది, తెలిసాక ఉండేది కొన్ని క్షణాలు. అందుకే మూడు లాగుళ్లు. ఊపిరందని మనిషి కేక ఎక్కడ వేస్తాడు. ఈ ముక్క తనకు పన్నెండో ఏటి నుంచి తెలుసు. పాఠం చెప్పించుకున్నట్టు తెలుసు. తెలిసి ఒక చెవి అట్టిపెట్టాడు, కేక కోసం.

తలెత్తింది కూడా బావ కోసం కాదు. ఫోనులో బొమ్మ ఆగిపోయింది. చక్రం ఒకటి తిరుగుతూ ఉండిపోయింది, సిగ్నల్ పోయింది, ఇదేంటని విసుక్కుని తలెత్తాడు, అప్పుడు తెలిసింది ఎంత నిశ్శబ్దంగా ఉందో. పార చప్పుడు లేదు. బావా అన్నాడు. బావి ఒరలోంచి తన గొంతే తిరిగొచ్చింది. వంగి చూస్తే బావ ఒరకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, తల ఒక పక్కకు, అలసిపోయి కూర్చున్నట్టే. తాడు రాట నుంచి కిందికి బిర్రుగా ఉంది. ముడి విప్పబోతే రాలేదు. ఎప్పుడూ ఒక్క వేలితో విప్పే ముడి, రాయిలా బిగుసుకుపోయి ఉంది, నర్సరీవాళ్లు పరిగెత్తుకొచ్చి కొడవలితో కోస్తే గానీ తాడు గిలక మీదికి ఎక్కలేదు. ఆ ముడిని అలా బిగించింది ఒరిగిపోయిన మనిషి బరువా, లేక ఒకటి, రెండు, మూడు, ఆగి మళ్లీ ఒకటి, రెండు, మూడు. ఎన్నిసార్లు లాగి ఉంటాడు. పైన తన చెయ్యే ఉందనుకుని లాగి ఉంటాడా, రాట అని తెలిసి లాగి ఉంటాడా. ఈ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా బామ్మర్ది తల పక్కకు తిప్పుకుంటున్నాడు, పక్కన గోడ, గోడ మీద గడియారం, ఇప్పుడు మూడున్నర దాటింది. ఆ చక్రం తిరగకుండా ఉండి ఉంటే. సిగ్నల్ బాగుండి ఉంటే. ఇంకెంతసేపు.

జేబులోంచి ఫోను తీసి ఒళ్లో పెట్టుకుని, అక్క అటు తిరిగినప్పుడు తెరిచాడు. చూసిన వీడియోలన్నీ అందులో వరసగా ఉంటాయి, ఏది ఏ వేళకు చూశాడో దాని కిందే ఉంటుంది, ఈ సంగతి కుర్ర డాక్టరు అడిగినప్పుడు తట్టలేదు, తర్వాత తట్టింది, అప్పటి నుంచి జేబు కాలుతోంది. మొదటిది పది నలభై. అట్టడుగు నుంచి పైకి లెక్కపెట్టాడు. ఒకడు బురద పట్టిన తివాచీ కడుగుతున్నాడు. పిల్లి అలమర మీది నుంచి పడింది. ఎవరో తుప్పు పట్టిన గొడ్డలి తళతళలాడేట్టు చేస్తున్నారు. చొక్కా ఎలా మడవాలి. ఉప్పు తగ్గిస్తే ఏమవుతుంది. మంచులో రైలు. చూస్తుంటే చూసినట్టే లేదు, ఇవి తనవి కావు, ఇంకెవడో తన ఒంట్లో కూర్చుని చూసి పోయినట్టుంది, ఒక్కదాని పేరు అడిగినా చెప్పలేడు. ముప్పై ఒకటి. ఆఖరిది పది యాభై ఆరు. అంబులెన్సుకు చేసిన ఫోను పదకొండూ రెండు. పదహారు నిమిషాలు, పైన ఆరు. బొక్కెన ఆరో నిమిషానికి నిండాలి. ఏడో నిమిషంలో, కేక రాలేదేంటని, ఎవరికైనా తోచాలి. దారిన పోయేవాడికైనా తోచాలి.

"నీ ఫోనివ్వరా, నాది పోయేలా ఉంది." అక్క చెయ్యి చాపి ఉంది. నాదీ అయిపోయిందక్కా అన్నాడు, మాట ఎంత సులువుగా వచ్చిందో, మొదటి అబద్ధం ఎవరో అందిస్తే వచ్చింది గానీ రెండోది నెయ్యి రాసినట్టు వచ్చింది. జేబులో పెట్టేశాడు. అక్క చెయ్యి కాసేపు అలాగే ఉండి ఒళ్లోకి వెళ్లింది. పొద్దున తను అక్కకు ఇరవై సార్లు చేశాడు, ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో పెట్టించుకుంటారు, ఇరవై సార్లూ ఆ పెట్టెలో మోగి ఉంటుంది, చివరికి నర్సరీ ఆసామి మోటార్‌సైకిల్ మీద వెళ్లి గేటు దగ్గర అరిస్తే బయటికి పంపారు. అక్క ఇప్పుడు ఎవరికీ చెప్పకుండా మెల్లగా మాట్లాడుతోంది, తనతోనో, తలుపుతోనో. రెండు నిమిషాలు ఒక లెక్కా మీ బావకి, ఊపిరి బిగపట్టి నీళ్లలో కూర్చుంటే నేను గట్టు మీద భయపడి చచ్చేదాన్ని, పెళ్లైన కొత్తలో. అక్కడేదో పెద్ద మిషన్ ఉందంట. అందులో కనిపిస్తుందంట. కనిపిస్తే కోసి సరిచేస్తారు. మనకు వేరే పిల్లలా జెల్లలా, నువ్వూ ఆయనా, నెల రోజులు నేను ఫ్యాక్టరీ మానేస్తాను. అక్క నెల రోజుల పథకం వేసేసింది. ఏ గదిలో మంచం వేయాలో కూడా చెప్పింది. తను ఊఁ అంటున్నాడు. బావ బొటనవేలులాంటి ఊఁ.

పావు తక్కువ నాలుగింటికే బండి వచ్చింది. వెనక్కి వస్తూ కిందెక్కడో కీచుమంది, అద్దం తలుపు రెండు రెక్కలూ తెరిచారు, మంచానికి చక్రాలున్నాయని అప్పుడు చూశాడు. మిషన్ తీసేసి ఒక మనిషి తలాపున నిలబడి సంచీ పిసుకుతున్నాడు, బావ ఛాతీ వాడి చెయ్యి చెప్పినట్టు లేస్తోంది. గోళ్లలో నల్లమట్టి అలాగే ఉంది, ఎవరూ కడగలేదు. అక్క లేచి దుప్పటి సర్ది, నువ్వు ముందు డ్రైవరు పక్కన కూర్చో, నేను ఆయన దగ్గర కూర్చుంటా అంది. మంచం కదిలింది. గుమ్మం దగ్గర చిన్న ఎత్తు, చక్రం దాని మీద పడగానే బావ తల ఒక పక్కకు ఒరిగింది, ఒర మీదికి ఒరిగినట్టే ఒరిగింది, సంచీ పిసికేవాడు జారిన గొట్టం పట్టుకోబోయి ఒక్క క్షణం తడబడ్డాడు. రెండు గంటల దారంతా ఇదే. బామ్మర్ది అడ్డంగా వెళ్లి మంచం కొస పట్టుకున్నాడు. చేతుల మందు ఇనుముకు అంటుకుంది.

"మేడం, రెండు నిమిషాలు కాదు."

డాక్టరమ్మ ఎంత అని అడిగింది. చెప్పలేక ఫోను తీసి ఇచ్చాడు. ఇది మొదటిది, ఇది ఆఖరిది, ఇది అంబులెన్సుకు చేసింది, తాడు రాటకు కట్టి చూస్తూ కూర్చున్నాను, అన్నాడు. ఆమె కళ్లజోడు పైకి జరుపుకుని చూసింది. బొక్కెన ఎంతసేపట్లో నిండుతుంది, లాగడానికి ఎంతసేపు పట్టింది అని రెండే అడిగింది, చెప్పాడు. అట్ట తీసుకుని సున్నాలో ఉన్న అంకెను కొట్టేసింది, పక్కన ఇంకేదో రాసింది. ఇది మూడింటికే చెప్పాల్సింది అంది, కోపంగా కూడా కాదు. మంచం వెనక్కి తిప్పమని చెయ్యి ఊపింది. అక్క దుప్పటి కొస పట్టుకునే రెండడుగులు మంచంతో పాటు వెనక్కి నడిచి, ఆగి, అక్కడికి వద్దా మేడం అని అడిగింది. "అవసరం లేదమ్మా. ఏమైందో తెలిసింది." మరి బాగవుతుందా అంటే, రెండు రోజులు చూద్దాం అంది డాక్టరమ్మ, ఆ మాటను ఇంతకుముందు ఎంతోమందికి చెప్పిన గొంతుతో. తలుపులు మూసుకున్నాయి. కింద బండి ఖాళీగా వెళ్లిపోయింది.

అక్క వచ్చి బల్ల మీద కూర్చుంది. ముసలాయన లేచి ఇంకో బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. కొడుతుందేమో అనుకున్నాడు, కొట్టాలని కోరుకున్నాడు, మెడ వంచి నిలబడ్డాడు. అక్క ఒళ్లో ఫోను రెండుసార్లు మోగి, పూర్తిగా ఆరిపోయింది. దాన్ని పక్కన పెట్టి చెయ్యి చాపింది.

"నీది ఇవ్వు. మొదటిది పెట్టు."

పెట్టాడు. కూర్చోమంది, కూర్చున్నాడు. తివాచీ మీద నీళ్లు పడుతున్నాయి, బురద కారిపోతోంది, హుషారుగా పాటొకటి వస్తోంది, అక్క ఫోను చప్పుడు తగ్గించలేదు, వరండాలో అందరూ ఇటు చూశారు. అయిపోయాక అడిగింది. "ఇదయ్యేసరికి ఉన్నారా?" ఉన్నాడక్కా, అప్పుడే బొక్కెన దించాను, అన్నాడు. పిల్లి పడింది. ఇదయ్యేసరికి? ఉన్నాడు. పార చప్పుడు వినిపించిందా? వినిపించిందనుకుంటా. గొడ్డలి మీద తుప్పు రాలుతోంది. ఆరోది దాటింది, ఏడోది దాటింది, అక్క ఒక్కదాన్నీ మధ్యలో వదలడం లేదు, ఒక్కొక్కటీ చివరిదాకా చూస్తోంది, చూసి అదే మాట అదే గొంతుతో అడుగుతోంది. పదోదానికి ఉన్నాడేమో అన్నాడు. పన్నెండోదానికి తెలియదక్కా అన్నాడు. తర్వాత అక్క అడిగినా జవాబు కోసం చూడటం లేదు. పదిహేడోదానిలో ఎవరో ముసలి తండ్రి, ఎన్నో ఏళ్లకు కొడుకు ఎదురైతే ముఖం తడిమి తడిమి చూస్తున్నాడు. దాని పక్కన ఎర్రటి గుర్తు వెలుగుతోంది. ఇదేంటి దీనికి ఎర్రగా ఉంది అని అడిగింది అక్క.

"నచ్చితే అలా నొక్కుతారక్కా."

"ఏడుపొచ్చిందా నీకు?"

"వచ్చింది."

అక్క దాన్ని ఇంకోసారి చూసింది, మొదటి నుంచి. తర్వాత వేలితో పైకి తోసింది. ఇంకా పద్నాలుగు ఉన్నాయి.